కుడివైపు మోరి

అరకులోయ,
ఫిబ్రవరి 11, బుధవారం.

సౌభాగ్యవతి బిందుమాధవికి నీ భర్త వరహాలరావు ఆశీస్సులు. ఇక్కడ నేనూ స్వాతీ క్షేమం. అక్కడ కురుపాంలో నువ్వూ నీ బడిపిల్లలూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. "నమ్ముతున్నాను" అన్న మాట దగ్గర ఆగి, ఇది మా ఆయన రాసిన ఉత్తరమేనా అని చేతిరాత చూసుకుని ఉంటావు. నాదే.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. కవరు అంచు ఒకచోట కాస్త లేచి ఉంటే, పోస్టుమాస్టరు విప్పి చదివి మళ్లీ అంటించాడేమోనని దాన్ని ఎండకి పెట్టి పది నిమిషాలు చూశాను. మొగుడూ పెళ్లాల గొడవ చదివి ఆయనేం చేసుకుంటాడని తర్వాత తోచింది. నువ్వు ఎప్పుడూ అంటావు కదా, అనుమానం పెనుభూతం అని. ఆ భూతం మనింట్లో అద్దె కట్టకుండా కాపురముంటోంది.

స్వాతికి దగ్గు తగ్గింది. స్వెటరు వేసుకునే బడికి వెళుతోంది. జడ ఎవరు వేస్తున్నారని అడిగావు. నేనే వేస్తున్నాను. రెండు జడలు సమానంగా రావడం లేదని ఒకటే వేసి పంపుతున్నాను. లెక్కల్లో ఇరవైకి పదిహేడు వచ్చాయి. మిగతా మూడూ ఏమయ్యాయని టీచరమ్మని అడగబోతే గుంట నా చొక్కా పట్టుకుని ఆపేసింది. పొద్దున్న ఎనిమిది దాటినా ఇంకా మంచు విడవడం లేదు. నువ్వు చెప్పినట్టే మిరియాలు వేసి చారు పెడుతున్నాను.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్నలు రెండు. మొదటిది, మీ తమ్ముడు ప్రేమ్‌కుమార్‌ని దొంగ అని ఎందుకన్నానని. రెండోది నీ మాటల్లోనే మళ్లీ రాస్తున్నాను: "దసరా సెలవులయ్యాక నన్ను బస్సెక్కించడానికి జీపులో వెళుతున్నప్పుడు, హాస్టలు వార్డెన్ పని ఒప్పుకోమంటారా అని అడిగాను. ఒప్పుకుంటే మూడేళ్లు బదిలీ అడగడానికి లేదని కూడా చెప్పాను. నా ముఖం వైపైనా చూడకుండా తల ఊపేశారు. తర్వాతేమో నేను అసలు అడగనే లేదంటున్నారు. ఇరవయ్యో తారీఖులోగా సంతకం పెట్టి ఇవ్వాలి. పెట్టనా, మాననా? ఫోనులో 'పక్కన ఎవరున్నారు' అని అడిగే మనిషితో నేను మాట్లాడను. ఏదున్నా కాగితం మీద రాయండి."

రాస్తున్నాను. మొదటిదానికి జవాబు చెప్పాకే రెండోది చెప్పగలను. తప్పించుకుంటున్నానని అనుకోకు, చివరి దాకా చదువు.

సంతకి అల్లం, పిప్పళ్లు తెచ్చే రాజులమ్మ నీకు తెలుసు కదా. వాళ్ల కొండమీది ఊళ్లో థింసా ఆడే ఆడవాళ్ల జట్టుకి ఆవిడే పెద్ద. వాళ్ల పాటలు ఎనిమిది రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌ల్లో పెడితే, లోయ చూడ్డానికి వచ్చే టూరిస్టులకి అమ్ముకుంటామంది. పెళ్లిళ్లకి బాక్సులు పెట్టి, మీటింగులకి మైకులు పెట్టి విసిగిపోయిన నాకు ఆ పని తెగ నచ్చింది. వాళ్ల బడిగదిలో తుడుము డోలు ఎడమవైపు మైకు దగ్గర, రాజులమ్మ తమ్ముడు ఫల్గుణ ఊదే మోరి, అదే వాళ్ల సన్నాయి, కుడివైపు మైకు దగ్గర, మధ్యలో ఆడవాళ్ల గొంతులు పెట్టి రికార్డు చేశాను. విశాఖలో మూతపడిన రికార్డింగు థియేటరు సామానులో ఒక పెద్ద హెడ్‌ఫోను కొన్నాను చూడు, అది పెట్టుకుని ల్యాప్‌టాప్ మీద పాటల్ని సరిచెయ్యాలని నా ఆలోచన. తీరా పెట్టుకుంటే పాట నీరసంగా ఉంది, వెనకాల చార్జరు తాలూకు బుర్రుమనే మోత.

ప్రేమ్‌కుమార్ కంప్యూటరు సామాను కొట్లో పనిచేస్తున్నాడు కాబట్టి వాడిని అడిగాను.

"బావా, నీ హెడ్‌ఫోను రెండొందల ఏభై ఓమ్‌లు. దాన్ని లాగే సత్తువ ల్యాప్‌టాప్‌కి లేదు. కంప్యూటర్లో అంకెల్ని పాటగా మార్చేదాన్ని డాక్ అంటారు. డాకూ, ఆంపూ రెండూ కలిసిన సిన్న పెట్టొకటుంటాది. అది కొనీ, మోత కూడా పోద్ది" అన్నాడు.

అడిగినదానికి చెప్పాడు, అంతే. నాకు మాత్రం వాడి కొట్లో అమ్ముడుపోని సరుకేదో ఉందనే అనిపించింది. అందుకని వారం రోజులు నేనే వెతికాను. అరచేతిలో పట్టేవీ, నా తాహతుకి అందేవీ మూడు రకాలు తేలాయి. మొదటిది బెత్తెడు తీగకి చివర చిన్న బిళ్ల. చవక, జేబులో పడి ఉంటుంది, కానీ మామూలు ఇయర్‌ఫోన్లకే సరి. రెండోది గోడ ప్లగ్గులో పెడితే గాని పనిచెయ్యనిది. గాలి విసిరితే కరెంటు పోయే ఊళ్లో దాన్ని పెట్టుకుని ఏం చేసుకోను? మూడోది అగ్గిపెట్టెకి రెండింతలు ఉండి, లోపల బ్యాటరీ ఉన్నది. వాటి మీద జనం రాసిన పొగడ్తలు చదివితే ముగ్గురు ఒకే వాక్యం రాశారు. ముప్పై రెండు బిట్లట, మూడు వందల ఎనభై నాలుగు కిలోహెర్ట్‌జులట. మనిషి చెవికి అందేది ఇరవై దాకానే. మిగతాదంతా ఎవరికోసం, గబ్బిలాలకా?

అసలు మోసం ఎక్కడుందో కూడా పట్టుకున్నాను. పెద్ద అక్షరాల్లో రాసిన పవరంతా ముప్పై రెండు ఓమ్‌ల తేలికరకం హెడ్‌ఫోనుకి లెక్క. మూడు వందల ఓమ్‌లకి ఎంతిస్తుందో అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు. ఆంప్లిఫయరు డబ్బా మీద వెయ్యి వాట్లని రాసి లోపల నూరు పెట్టే వాళ్లని ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాడిని, నాకీ ఆట కొత్త కాదు. ఆ చిన్న అక్షరాలు చదివాకే ఒక పెట్టెని ఎంచాను. ధర మధ్యరకం. ప్రేమ్‌కుమార్ చేతే తెప్పించాను.

పెట్టె వచ్చింది. అట్టపెట్టె మీద టేపు రెండు వరసలుంది. అక్కడే నా మనసు విరిగింది. పెట్టుకుని విన్నాను. మోత పోయింది. తుడుము గుండెల్లో మోగింది. ఆడవాళ్ల గొంతులు బాగున్నాయి. కుడివైపు మోరి మాత్రం పక్క కొండ మీద ఎవరో ఊదుతున్నట్టు ఉంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. నాకు పని నేర్పిన విజయనగరం ధనరాజు మేస్త్రీ చెప్పేవాడు, "సౌండు తేడా వస్తే ముందు తీగని అనుమానించు, తరవాత పెట్టిని, తరవాత కరెంటుని. ఆకర్న మనిసిని" అని. ఆయన మనిషి అన్నది పాడేవాణ్ణీ, వాయించేవాణ్ణీ. నేను అక్షరం తప్పకుండా అదే చేశాను. తీగ మార్చాను. మొబైల్ షాపు బాలాజీ దగ్గర ఇంకో ల్యాప్‌టాప్, ఇంకో హెడ్‌ఫోను తెచ్చి చూశాను. మోరి అక్కడే ఉంది. ఇక పెట్టెదే తప్పని తేలిపోయినట్టు మీ తమ్ముడికి ఫోను చేశాను.

"వాడేసిన పెట్టె పంపావురా."

"నా సేత్తోనే సీలు తీసి, పనిసేత్తందో లేదో సూసి పంపాను బావా."

"సీలు నువ్వెందుకు తీశావు?"

"నీకు తేడా సరుకు రాకూడదనే."

అప్పుడు అన్నాను ఆ మాట. వాడు తిరిగి ఏమీ అనలేదు. ఫోను పెట్టేశాడు. ఏమీ అనకపోవడమే దొంగతనానికి రుజువని నాకనిపించింది. నీకు నేను చేసిన ఫిర్యాదులో మాత్రం "సీలు తీసి పంపాడు" అని ఒక్కటే చెప్పాను. ఎందుకు తీశాడో చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

తర్వాత బాలాజీ చేత వేరే కంపెనీ పెట్టె తెప్పించాను. దాన్ని నా కళ్ల ముందే తెరిపించాను. అందులోనూ మోరి కొండవతలే ఉంది. బాలాజీదీ విశాఖే, ప్రేమ్‌కుమార్ ఉండేదీ విశాఖే. ఇద్దరూ కలిసి ఒకే గోదాము నుంచి చెత్త దించుతున్నారని రెండు రోజులు గట్టిగా నమ్మాను. నవ్వకు. నా బుర్ర అలాగే నడుస్తుంది.

పెట్టెలయ్యాయి, బ్యాటరీ మీద నడిపి చూస్తే కరెంటు కూడా అయింది. మిగిలింది మనిషి. ఫల్గుణకి కబురు పెట్టి, మోరిలో నీకు గాలి చాలడం లేదు, మళ్లీ ఊదమన్నాను. పాపం, అంత దూరం నడిచి మూడుసార్లు దిగి వచ్చాడు. మూడోసారి మోరి సంచిలో పెట్టేస్తూ, "నానేటి ముసిలోణ్ణయిపోనా? మా ఊరోళ్లకి ఇనిపిత్తంది, నీకే ఇనిపించదేటి?" అని కోపంగా వెళ్లిపోయాడు. అంత సూటిగా అడిగినా నాకు బుద్ధి రాలేదు. మోరి ఉన్న కుడివైపుని ల్యాప్‌టాప్‌లోనే రెండింతలు పెంచేసి పని ముగించాను.

జనవరి మూడో శుక్రవారం సంతకి రాజులమ్మ వచ్చింది. నా మైకుసెట్టు షాపులో బాక్సు మీద పాట వినిపించాను. అల్లం బుట్ట కింద పెట్టి రెండు చెవులూ మూసుకుంది.

"ఇదేటి బావూ, సెవుల్లో సూదులెట్టి గుచ్చినట్టుంది! మా వోడి మోరి ఇలగుంటాదేటి?"

తమ్ముడి తరఫున మాట్లాడుతోందని అనుకున్నాను. పెంచిందంతా తీసేసి, మొదట రికార్డయిన పాటని హెడ్‌ఫోనులో వినమన్నాను. ఆవిడ తలకి పెట్టుకుని కళ్లు మూసుకుని సాంతం విన్నది. "ఇది బాగుంది. తుడుము ఇటు, మోరి అటు. రెండూ సమంగా ఉన్నాయి. నువ్వేటి సెడగొట్టేత్తన్నావు?" అంది. నీకు తెలీదులే అన్నాను. ఆవిడకి ఒళ్లు మండి, "అయితే నువ్వే ఇను" అని, నా ఎదురుగా నిలబడి, తన తల మీంచి తీసిన హెడ్‌ఫోనుని ఎలా ఉన్నదలాగే నా తలకి పెట్టేసింది.

ఎదురుగా ఉన్న మనిషి అలా పెడితే కుడిది ఎడమకి వస్తుంది. ఎడమ అని రాసి ఉన్నదాన్ని కుడిచెవికి పెట్టుకోవడం ఇరవై ఏళ్లలో నేను చెయ్యని పని.

బిందూ, మోరి వచ్చింది. నా ఎడమ చెవిలో, నిండుగా, ఫల్గుణ ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా వచ్చింది. పెట్టెలో ఏ లోపమూ లేదు. హెడ్‌ఫోను మళ్లీ సరిగ్గా పెట్టుకున్నాను, మోరి దూరమైపోయింది. తిప్పాను, వచ్చింది. నాలుగుసార్లు తిప్పాను. తీగ మార్చాను, పెట్టె మార్చాను, ల్యాప్‌టాప్ మార్చాను, ఊదేవాణ్ణి మార్చలేక తిట్టాను. చెవి మార్చి చూడాలని మాత్రం తోచలేదు. నా కుడిచెవి పోయింది.

రాజులమ్మ నా ముఖం చూసింది. బుట్టలోంచి అల్లం ఇంత తీసి బల్ల మీద పెట్టి, "బేగి డాట్రుకి సూపించుకో బావూ" అని వెళ్లిపోయింది.

నేను బేగి వెళ్లలేదు. మూడు వారాలు ఎవరికీ చెప్పకుండా తిరిగాను. పెళ్లిళ్ల సీజను. చెవిటివాడి మైకు సెట్టు ఎవరు పెట్టించుకుంటారు? చివరికి పోయిన శనివారం విశాఖ వెళ్లాను. ఒంటరిగా వెళ్లే ధైర్యం లేక ప్రేమ్‌కుమార్‌కి ఫోను చేశాను. బస్సు దిగేసరికి వాడు నిలబడి ఉన్నాడు. అక్కడే, టీ కొట్టు ముందు, నా తప్పు చెప్పుకున్నాను. "ఏటి బావా, నలుగుర్లోనీ! పద, టోకెను దాటిపోద్ది" అన్నాడు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు కానీ నా సంచి వాడే మోశాడు.

ఆసుపత్రిలో గాజుగదిలో కూర్చోబెట్టి ఒకమ్మాయి చెవులకి యంత్రం పెట్టింది. దాన్ని కూడా తిరగేసి పెట్టి చూడమన్నాను. ఆ అమ్మాయి నవ్వి, తిరగేసి మళ్లీ చూసింది. కాగితం మీద అదే గీత వచ్చింది. సన్నటి, పైస్థాయి ధ్వనులు కుడివైపు పోయాయనీ, తిరిగి రావనీ డాక్టరు చెప్పాడు. ఏం పని చేస్తావని అడిగాడు. ప్రతి బాక్సుకీ కుడిచెవి ఆనించి పరీక్ష చేసేవాడిననీ, ప్రతి పెళ్లిలోనూ బాక్సు నాకు కుడివైపే ఉండేదనీ చెప్పాను. "ఎడమదాన్నైనా కాపాడుకోండి" అన్నాడు. చెవికి మిషను రాసిస్తే, కమీషను ఎంతుంటుందోనని ప్రేమ్‌కుమార్ వైపు చూశాను. "బావా, ఈ ఒక్కసారికి నమ్మీ" అన్నాడు. సరేనన్నాను.

ఇంటికొచ్చి, జడ వేస్తున్నప్పుడు స్వాతిని అడిగాను, నువ్వెప్పుడూ ఎడమపక్కకే వచ్చి ఎందుకు మాట్లాడతావని. "ఆపక్కయితే నువ్వు పలకవు కద నాన్నా" అంది, అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు. ఎన్నాళ్ల నుంచి అన్నాను. "పోయిన ఏడు నుంచీ" అంది. 

ఇప్పుడు రెండో ప్రశ్న. అసలు చెప్పాల్సింది ఇదే. ఇన్ని పేజీల నుంచి దీని దగ్గరికి రావడానికే భయపడుతున్నాను.

నేను ఫోను ఎప్పుడూ కుడిచెవికే పెడతాను. దసరా తర్వాత నీ గొంతు రోజురోజుకీ మందగించింది. మాటలు సగం మింగేస్తున్నట్టు వినపడేది. పక్కన ఎవరో ఉంటే గొంతు తగ్గించి మాట్లాడుతున్నావనుకున్నాను. ఎవరో ఏమిటి, ఒక మగవాణ్ణి ఊహించుకున్నాను. ముఖం కూడా ఊహించుకున్నాను. మూడు నెలలు అతనితో తగువు పడుతూ బతికాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది దాచి మిగతాది చెబితే అది ఉత్తరం కాదు. నీ గొంతు మారలేదు. నిన్ను అవమానించాను. నన్ను క్షమించు.

జీపు సంగతి. ముందు సీటులో డ్రైవరుకీ నాకూ మధ్య నువ్వు కూర్చున్నావు, స్వాతి నా ఒళ్లో ఉంది. అంటే నువ్వు నాకు కుడిపక్కన ఉన్నావు. ఘాటు రోడ్డు, జీపు మోత. నువ్వేదో అన్నావని తెలుసు. ఏమన్నావో వినపడలేదు. మళ్లీ అడిగితే చెవుడా అంటావేమోనని తల ఊపాను. ఏడాది నుంచీ అందరికీ అలాగే ఊపుతున్నాను. తర్వాత నువ్వు "మీరే ఒప్పుకున్నారు" అన్నప్పుడు, ఉండిపోవడానికి నువ్వు అల్లిన అబద్ధమనుకున్నాను. "అమ్మ అడిగింది నాన్నా, నువ్వు తలకాయ ఊపావు" అని స్వాతి చెప్పినా, నువ్వు నేర్పిన మాటే అనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లని అనుమానించాను బిందూ.

నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: "మీరు అంత తేలిగ్గా తల ఊపేసరికి, కురుపాం దాకా ఏడుస్తూనే వెళ్లాను." దాన్ని ఎన్నిసార్లు చదివానో. నువ్వు అక్కడ ఉండిపోవాలనుకుంటున్నావని నేనిక్కడ కుళ్లిపోయాను. నేను నిన్ను వదిలించుకున్నానని నువ్వక్కడ కుళ్లిపోయావు.

నాకు నువ్వు కావాలి. ఇంకో మూడేళ్లు ఇలా ఉండలేను. కానీ చెవి పోయిందని జాలిపడి నీకిష్టమైన పని వదులుకోవద్దు. ఆ ఆడపిల్లల మధ్య ఉండడం నీకు నిజంగా ఇష్టమైతే సంతకం పెట్టు. స్వాతి పరీక్షలయ్యాక, సామాను లారీకెక్కించి మేమే కురుపాం వస్తాం. పెళ్లిళ్లు అక్కడా అవుతాయి. ఇష్టం లేకపోతే పెట్టకు, వేసవిలో బదిలీ అడుగు. ఏది చేసినా, మా ఆయన పొమ్మన్నాడు కాబట్టి పెట్టాను అని మాత్రం పెట్టకు.

నిన్ను నేను పొమ్మనలేదు. నువ్వు అడిగావని కూడా నాకు తెలియదు.

ఇట్లు,
నీ భర్త, స్వాతి నాన్న,
వరహాలరావు